ఏప్రిల్ 14 చందా డబ్బులు: విగ్రహం మార్చాలా, గది తాళం తీయాలా?

కాలవగట్టు
మాది అమలాపురం పక్కన చిన్న ఊరు. అంబేద్కర్ జయంతికి మా దళితపేటలో ఈసారి చందాలు బాగానే పోగయ్యాయి. గల్ఫ్ నుంచి మనవాళ్లు పంపినవి కూడా కలిపితే లక్షా నలభై వేలు. డబ్బు చూసేసరికి రెండు వర్గాలైపోయాం. ఒక వర్గం ఏమంటుందంటే, సెంటర్లో ఉన్న సిమెంటు విగ్రహం రంగు వెలిసిపోయింది, చూపుడు వేలు విరిగితే తాపీ మేస్త్రీ అతికించాడు, అదిప్పుడు కూర అరటికాయలా ఉంది, తీసేసి కొత్తపేటలో కొత్తది చేయిద్దాం, తక్కువ పడితే ఇంకో విడత వసూలు చేద్దాం అని. రెండో వర్గం అంటే నేనూ ఇంకో ముగ్గురం. కమ్యూనిటీ హాలు వెనక గదికి 'డా. బి.ఆర్. అంబేద్కర్ గ్రంథాలయం' అని బోర్డుంది, పన్నెండేళ్ల నుంచీ ఉంది. లోపల ఒక్క పుస్తకం లేదు. షామియానా గుంజలు, చిరిగిన డప్పులు, ఎవరివో రొయ్యల మేత బస్తాలు. ఆ గది బాగుచేద్దాం అంటే "మీకు విగ్రహమంటే చులకన" అంటున్నారు. మా బాబాయి రెండ్రోజులుగా నాతో మాట్లాడ్డం లేదు.

కొబ్బరిపీచు
డీజేకి ఎంత పెడతారో అది చెప్పు ముందు.

కాలవగట్టు
నిరుడు 55 వేలు.

కొబ్బరిపీచు
ఇంకేం, లైబ్రరీ దొరికేసింది.

లంక_కుర్రాడు
డీజే జోలికి రాకండి బాబూ. మా పిల్లలు మెయిన్ రోడ్డు మధ్యలో భయం లేకుండా ఎగిరేది ఏడాదికి ఆ ఒక్క రోజే. చవితికి తొమ్మిది రోజులు మైకు అదరగొడితే ఒక్కడికీ లైబ్రరీ గుర్తురాదు, మాకొచ్చేసరికి అందరూ మేధావులైపోతారు.

పాతబడి_మేష్టారు
లంక కుర్రాడి కోపం న్యాయమే. కానీ కాలవగట్టు రాసిన ఆ బోర్డు చూడగానే నాకు మహారాష్ట్రలోని మహద్ ఊరు గుర్తొచ్చింది. బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానం చేసింది, చెరువులు, బావులు, బళ్లు అందరివీ అని. మహద్ మునిసిపాలిటీ కూడా మరుసటి ఏడాది సరే అని రాసుకుంది. కాగితం మీద చవదార్ చెరువు అందరిదీ. కానీ పై కులాలవాళ్లు అంటరానివాళ్లని ఒక్క దోసెడు కూడా ముట్టుకోనివ్వలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకుని వెళ్లి, వంగి, ఆ నీళ్లు తాగాడు. అంతే ఆయన చేసింది. గుళ్లోకి కూడా వస్తారని పుకారు పుట్టించి, తిరిగెళ్లేవాళ్లని కర్రలతో కొట్టారు. తర్వాత చెరువులోంచి 108 కుండల నీళ్లు తోడి, ఆవు పేడా పంచితం పాలూ పెరుగూ కలిపి శుద్ధి చేసుకున్నారు. మునిసిపాలిటీ తన తీర్మానం తానే వెనక్కి తీసుకుంది. కోర్టులో పదేళ్లు నడిచి 1937లో హైకోర్టు తీర్పు మనవైపు వచ్చింది.

నేను క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా పిల్లలు ఒకటే అడిగేవారు. "తీర్మానం ఉంది కదండీ, మళ్లీ వెళ్లి తాగడం ఎందుకు?" అని. మీ గది బోర్డు కూడా తీర్మానమే. తాళం ఎవరి దగ్గరుంది?

కాలవగట్టు
అదే తెలియట్లేదు మేష్టారూ. ప్రెసిడెంటు దగ్గర అంటారు, ప్రెసిడెంటు సెక్రటరీ దగ్గర అంటాడు, ఆ సెక్రటరీ ఇప్పుడు మస్కట్‌లో ఉన్నాడు.

కొబ్బరిపీచు
తాళంచెవికి కూడా వీసా వచ్చిందన్నమాట.

ఉప్పుటేరు
అందరూ లైబ్రరీ వైపు దూకేస్తున్నారు కాబట్టి విగ్రహం తరఫున నేను మాట్లాడతా. మా ఊళ్లో శతజయంతి ఏడు, అంటే 1991లో పెట్టారు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. అంతకు ముందు మా నాన్న పెద్ద వీధి దాటాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవాడు. ఎవరూ విప్పమని అడిగేవారు కాదు, ఆయన చెయ్యే కిందకి పోయేది. రావిచెట్టు సెంటర్లో దిమ్మె కడతామంటే ఊరంతా గొడవ. బస్సు తిరగదన్నారు, వాస్తు అన్నారు, పంచాయతీ స్థలమన్నారు. దిమ్మె కట్టిన మూడు రాత్రులూ మగాళ్లందరూ దాని చుట్టూ చాపలేసుకుని పడుకున్నారు, ఆడాళ్లు అక్కడికే క్యారేజీలు తెచ్చారు. నాలుగో రోజు విగ్రహం లేచింది. ఆ వారంలోనే మా నాన్న చెప్పులేసుకుని ఆ వీధిలో నడిచాడు. నడిచి వచ్చి ఇంట్లో ఏమీ చెప్పలేదు. మంచినీళ్లు అడిగి తాగాడు.

విగ్రహమంటే రాయి కదా, సిమెంటు కదా అనేవాళ్లకి ఇది తెలియదు. మేష్టారు చెప్పిన చెరువు మహద్‌లో ఉంటే, మా చెరువు ఆ రావిచెట్టు సెంటరు. కాలవగట్టు తమ్ముడూ, మీ బాబాయి వయసెంత? ఆయన కూడా అలా చాపేసుకుని పడుకున్నవాడే అయ్యుంటాడు. ముందు వెళ్లి అడుగు.

పాతబడి_మేష్టారు
నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నా.

ధవళేశ్వరం_గాలి
ఉప్పుటేరు గారి పోస్టు చదివాక ఒకటి గుర్తొచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడని మన డెల్టాలో కాటన్ దొర విగ్రహం లేని ఊరు వెతకాలి. గుర్రం మీద ఒకటి, నిలబడి ఒకటి. పుష్కరాల్లో ఆయనకి తర్పణాలు వదిలేవాళ్లున్నారు. ఒక్కదాని చుట్టూ ఇనప చువ్వలు చూశారా? అంబేద్కర్ విగ్రహానికి మాత్రం నాలుగు వైపులా చువ్వలు, పైన రేకు, ఎదురుగా సీసీ కెమెరా. బయటి ఊరివాడెవడైనా చూస్తే ఆయన్నే జైల్లో పెట్టారనుకుంటాడు.

కొబ్బరిపీచు
దొర ఏ కులమో మనవాళ్లకి అంతు చిక్కలేదు కదా, అందుకే వదిలేశారు.

ఆకుమడి
మా ఇంట్లో అంబేద్కర్ ఫోటో లేదు. మా కులం వాళ్ల ఇళ్లలో ఉండదు. కానీ నాకు నాలుగు కుంచాల కొబ్బరితోట ఉంది, అది ఎలా వచ్చిందో చెబుతా. ఆయన హిందూ కోడ్ బిల్లులో కూతురికి ఆస్తి హక్కు రాశాడు. దాన్ని పార్లమెంటులో నాన్చి నాన్చి పక్కన పెడితే 1951లో మంత్రి పదవికి రాజీనామా చేశాడు. తర్వాత ముక్కలు ముక్కలుగా 1955, 56లో చట్టాలొచ్చాయి కానీ పిత్రార్జితంలో కొడుకుతో సమానం అనేది అప్పుడు రాలేదు. మన రాష్ట్రంలో 1986 చట్టంతో వచ్చింది, దేశమంతా 2005లో. ఆ 86 చట్టంలో ఒక మెలిక ఉంది, అది వచ్చేనాటికే పెళ్లయిపోయిన కూతుళ్లకి వాటా లేదు. మా అక్క పెళ్లి 83లో, నాది 91లో. 98లో నాన్న భాగాలు పంచారు. అన్నయ్యలతో పాటు నాకు రాశారు, అక్కకి పట్టుచీర పెట్టారు. ఇప్పటికీ ఆ తోట కాయలు దింపించిన రోజు అక్కకి ఫోన్ చేయాలంటే నోరు రాదు.

ఇదంతా ఎందుకంటే, ఆయన జయంతి పేటలో మాత్రమే జరుగుతుంది. తోటలు వచ్చిన మేము గుమ్మంలోంచి డీజే చూసి తలుపేసుకుంటాం.

గోదారి_గడుసు
ఆ చట్టం తెచ్చింది ఎన్టీఆర్ కదండీ, మధ్యలో అంబేద్కర్ ఎందుకు?

ఆకుమడి
విత్తు ఒకరు వేస్తారు, కాయ ఒకరు దింపుతారు. కోనసీమలో పుట్టి ఇది కూడా చెప్పించుకుంటారా?

కొబ్బరిపీచు
ఆకుమడి అక్క దింపింది కాయ కాదు, గెల.

కువైట్_నుంచి
కాలవగట్టు వాళ్ల ఊరు కాదు గానీ మా ఊరికి నేనూ పంపాను చందా. విగ్రహానికనీ పంపలేదు, పుస్తకాలకనీ పంపలేదు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. మా అమ్మ దగ్గర ఉంటుంది. ఒకటే గది, అందులోనే టీవీ, అందులోనే పొయ్యి. వీడియో కాల్ చేస్తే అది మంచం మీద వంగి ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాస్తుంటుంది. దానికి కావాల్సింది ఒక బల్ల, లైటు, ఫ్యాను, రెండు గంటలు నిశ్శబ్దం. గ్రంథాలయం అని పెద్ద పేరు అక్కర్లేదు. ఇంకోటి, అక్కడ క్యారమ్స్ బోర్డు పెట్టకండి. పెడితే మూడో రోజు నుంచి మగపిల్లలదే రాజ్యం, ఆడపిల్ల ఆ గుమ్మం తొక్కదు.

కాలవగట్టు
అక్కా, మేము క్యారమ్స్ కూడా లిస్టులో రాశాం. ఇప్పుడే కొట్టేశాను.

షెడ్డు_డ్యూటీ
నేను రొయ్యల షెడ్డులో తల తీసే పని చేస్తా. ఐసులో చేతులు పెట్టి నిలబడాలి. పేరు ఎనిమిది గంటలు, సరుకు ఎక్కువొస్తే పది పన్నెండు. కిందటి ఏప్రిల్ 14న మా షెడ్డులో కూడా ఫోటోకి దండేశారు, స్వీటు పంచారు, ఆ రోజు కూడా రాత్రి తొమ్మిదిన్నరకి వదిలారు. దండ వేసిన సూపర్‌వైజరే. మా తమ్ముడు చెప్పాడు, ఈ ఎనిమిది గంటలు కూడా ఆయన పెట్టించిందేనట, నిజమేనా?

పాతబడి_మేష్టారు
నిజమేనమ్మా. 1942 నుంచి 46 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ ఆయనదే. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలున్న పనిని 48కి తగ్గిస్తూ 1946లో చట్టం సవరించారు, దాని వెనక ఉన్నది ఆయనే. అంతకు చాలా ముందు, 1928లో, బొంబాయి మండలిలో పనిచేసే ఆడవాళ్లకి కాన్పు సెలవు జీతంతో ఇవ్వాలనే బిల్లుని సమర్థిస్తూ మాట్లాడాడు. 48 దాటితే ఓవర్‌టైమ్ రెట్టింపు ఇవ్వాలి, మీకు ఇస్తున్నారా?

షెడ్డు_డ్యూటీ
స్వీటు ఇచ్చారు కదండీ.

ఫ్లెక్సీ_బాధితుడు
మేష్టారు తారీఖులతో చెబుతున్నారు కాబట్టి నా బాధ కూడా చెప్పేస్తా. నాది ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు. ఏప్రిల్ మొదటి వారం నిద్ర ఉండదు. వచ్చినవాడల్లా వాట్సాప్‌లో కొటేషన్ పంపి కింద అంబేద్కర్ అని వేయమంటాడు. సగం ఆయన అన్నవి కావు. ఒకటైతే ఏదో సినిమా డైలాగే. 'రిజర్వ్ బ్యాంకు స్థాపించిన అంబేద్కర్' అని ఏటా కనీసం పది వేస్తా. ఆయన 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం రాశాడు, తర్వాత కరెన్సీ మీద వేసిన హిల్టన్ యంగ్ కమిషన్ ముందు వాంగ్మూలం ఇచ్చాడు, అంతవరకూ నిజం. అదే చిన్నదా? దాన్ని అలాగే రాస్తే ఏం పోయింది? చెబితే "నువ్వు ప్రింటు వెయ్యి, చరిత్ర మాకు తెలుసు" అంటారు. ఫోటోలో ఆయనది వేలెడు, వీళ్లవి బారెడు.

లంక_కుర్రాడు
మా ఊళ్లో నిరుడు విగ్రహానికి పాలాభిషేకం చేశారు. మర్నాటికి ఎర్రచీమలు కోటు జేబు దాకా ఎక్కాయి. నేనే పైపు పెట్టి కడిగా.

గోదారి_గడుసు
అభిమానం కొద్దీ చేస్తారు, తప్పేంటి?

ఫ్లెక్సీ_బాధితుడు
తప్పేంటో ఆయనే చెప్పాడు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, మతంలో భక్తి ముక్తికి దారి అయితే కావచ్చు గానీ రాజకీయాల్లో భక్తి మాత్రం పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారి అన్నాడు. ఎంత గొప్పవాడైనా సరే వాడి కాళ్ల దగ్గర మన స్వేచ్ఛ పెట్టొద్దన్నాడు. ఆ 'ఎంత గొప్పవాడైనా'లో ఆయన కూడా ఉన్నాడని నా లెక్క. ఇది ఒక్కసారి కూడా ఎవడూ ప్రింటుకి పంపలేదు.

ఉప్పుటేరు
భక్తి వేరు, భయం పోవడం వేరు. మా నాన్న దండం పెట్టడు విగ్రహానికి. పక్కన అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటాడు, అంతే.

గోదారి_గడుసు
అసలు ఆయన్ని ఒక కులానికి కట్టేసింది ఎవరు? ఊరంతా కలిసి చేసుకోవచ్చుగా. జిల్లాకి పేరు పెడితే కూడా

వేదిక_నిర్వాహకుడు
గడుసు గారి పోస్టులో చివరి రెండు లైన్లు తీసేశాం. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడిందీ, దానికి అంబేద్కర్ పేరు చేర్చడం మీద మే 24న అమలాపురంలో ఏం తగలబడిందీ, పేరు ఏమైందీ అందరికీ తెలుసు. దాని మీద పాత థ్రెడ్ 40 పేజీలు నడిచి మూతపడింది. ఇక్కడ మళ్లీ తెరవొద్దు.

ఆకుమడి
ఊరంతా కలిసి అన్న మాట మాత్రం ఉంచండి నిర్వాహకులూ. కలవమని ఎవరు ఎవరిని పిలవాలో అదొక్కటే తేలాలి. గడుసు గారూ, పేటవాళ్లు మీకు శుభలేఖ వేసి పంపాలా? నడిచి వెళ్తే అయిదు నిమిషాలు.

రేకులషెడ్డు
గొడవ అయిపోతే పనికొచ్చేది చెబుతా. మా ఊళ్లో ఆరేళ్లుగా ఇలాంటి గది నడుపుతున్నాం. దెబ్బలు తిని నేర్చుకున్నవి ఇవి.

చెక్క బీరువా కొనకండి, మన తేమకి చెదలు ఏడాదిలో తినేస్తాయి. ఇనప బీరువా కూడా సముద్రం గాలికి తుప్పు పడుతుంది కానీ రంగేస్తే నిలుస్తుంది. గోడకి ఆనించకుండా బెత్తెడు ఖాళీ వదలండి. కలరా ఉండలు వేయండి. కింది అర ఖాళీగా ఉంచండి, గోదారి పోటెక్కితే మొదట తడిసేది అదే. మాకు ఒకసారి మోకాలి లోతు వచ్చింది, డీఎస్సీ పుస్తకాలన్నీ ముద్దయిపోయాయి.

తెరిచే మనిషి లేకపోతే ఇవన్నీ దండగ. మేము ముందు "అందరూ వంతులవారీగా" అనుకున్నాం. అందరూ అంటే ఎవరూ కాదు. ఇప్పుడు డిగ్రీ చదివే అమ్మాయికి నెలకి 2 వేలిస్తున్నాం, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. ఆ అమ్మాయి ఉండబట్టే మిగతా అమ్మాయిలు వస్తున్నారు, కువైట్ అక్క చెప్పింది అక్షరాలా నిజం. ముందు రెండు పేపర్లు వేయించండి. ముసలాళ్లు పేపరు కోసం వస్తారు, వాళ్లని చూసి పిల్లలు అల్లరి తగ్గిస్తారు. కానిస్టేబులు, గ్రూప్స్ పుస్తకాలు పాతవి అడిగితే ఇస్తారు, పరీక్ష అయిపోయినవాళ్లు బరువు దించుకోవాలనే చూస్తుంటారు.

ఇంకోటి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది. చాలామందికి తెలీదు. జిల్లా గ్రంథాలయ సంస్థకి అర్జీ పెట్టుకోండి, పుస్తక నిక్షేప కేంద్రం ఇమ్మని అడగండి. అడగడానికి సిగ్గెందుకు, మన డబ్బే.

కొబ్బరిపీచు
పన్ను కట్టినవాడికి కదా ఆ సలహా.

పాతబడి_మేష్టారు
రేకులషెడ్డు గారి బీరువాలో ఒక అర మనవాళ్లకి వదలండి. అంబేద్కర్ రచనలు, ప్రసంగాలు తెలుగు సంపుటాలున్నాయి, అవి పెట్టండి, ఎవరూ ముట్టుకోకపోయినా పెట్టండి. వాటి పక్కన రాజమండ్రి కుసుమ ధర్మన్న గారిని పెట్టండి. ఊరూవాడా మాకొద్దీ తెల్లదొరతనమని పాడుకుంటున్న రోజుల్లో 'మాకొద్దీ నల్లదొరతనము' అని రాసిన మనిషి. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారి 'పాలేరు' నాటకం పెట్టండి. నా చిన్నప్పుడు పెట్రోమాక్స్ దీపాల వెలుగులో అది చూశాను. పాలేరు కుర్రాడు చదువుకుని అధికారై తిరిగొచ్చే ఘట్టంలో మా పక్కన కూర్చున్న ముసలాయన లేచి నిలబడిపోయాడు, వెనకవాళ్లు కూర్చోమని అరిచినా కూర్చోలేదు.

కువైట్_నుంచి
మేష్టారూ, అంబేద్కర్ గారు దాదర్‌లో కట్టుకున్న ఇల్లు పుస్తకాల కోసమే కట్టించాడంటారు కదా. రాజగృహ. ఆ ఫోటో ఒకటి గదిలో పెట్టండి. మా అమ్మాయికి పంపితే "అమ్మా, ఈయనకి చదువుకోడానికి గది ఉంది" అంది.

పాతబడి_మేష్టారు
చిన్నప్పుడు ఆయనకీ లేదని చెప్పమ్మా. బొంబాయిలో కార్మికులుండే ఒంటిగదిలోనే ఇల్లంతా. తండ్రి అర్ధరాత్రి దాటాక లేపేవాడు, అందరూ పడుకున్నాక చదువుకోడానికి చోటు దొరికేది.

కాలవగట్టు
ఇవాళ సంగతి. ఉప్పుటేరు అన్న చెప్పినట్టు బాబాయి దగ్గరికి వెళ్లా. విగ్రహం ఎప్పుడు పెట్టారు అని అడిగా. అంతే, గంటన్నర ఆపలేదు. చాపలు కాదు, గోనెసంచులు. మూడు రాత్రులు కాదు, అయిదు. ఆ వేలు విరిగింది కూడా గాలివానకి కాదట, రాత్రిపూట ఎవరో రాయి విసిరితే. కేసు పెడితే ఊళ్లో మళ్లీ తలలు పగులుతాయని గాలివాన అని చెప్పి సిమెంటు రాయించాడట. మాకెవరికీ తెలీదు ఇది. ఇన్నేళ్లూ ఆ లావు వేలు చూసి మేం నవ్వుకుంటున్నాం, ఆయన చూస్తూ ఊరుకున్నాడు.

చివర్లో లేచి గూట్లోంచి తాళంచెవి తీసి మంచం మీద పడేశాడు. మస్కట్ పోలేదు, పన్నెండేళ్లుగా ఆయన దగ్గరే ఉంది. ఎందుకివ్వలేదంటే "అడిగితేగా" అన్నాడు.

సాయంత్రం తెరిచాం. గుంజల వెనక రెండు పొడుగు బల్లలు బయటపడ్డాయి, టేకువే, ఒకదాని కాలు మాత్రం చెదపట్టింది. ఎలుకలు సరే సరి. బాబాయి గుమ్మంలో నిలబడి చూశాడు గానీ లోపలికి రాలేదు. విగ్రహం సంగతి ఇంకా తేలలేదు, ఆదివారం మీటింగ్. వేలు ఒక్కటే కొత్తపేట నుంచి మనిషిని పిలిపించి సరిచేయిద్దాం, మిగతా డబ్బు గదికి అని నేనంటున్నా. వచ్చే ఏడాదికైనా కంచుది పెట్టాల్సిందే అని ఆయన. డీజే 55 నుంచి 30కి దిగింది, అంతకంటే కిందకి కుర్రాళ్లు రామన్నారు.

లంక_కుర్రాడు
30 అంటే రెండు బాక్సులే వస్తాయి. అన్యాయం.

ఉప్పుటేరు
ఆ వేలు పూర్తిగా సరిచేయించకండి. బాబాయిని అడిగి చేయించండి.

షెడ్డు_డ్యూటీ
ఆదివారం మీటింగ్‌కి ఆడవాళ్లని పిలిచారా?

కాలవగట్టు
పిలవలేదు. ఇప్పుడు పిలుస్తాం. మేత బస్తాలు మాత్రం ఎవరివో ఇంకా తేలలేదు, పదకొండు ఉన్నాయి, రెండు ఎలుకలు కొట్టేశాయి. రేపు సాయంత్రం లోపు తీసుకెళ్లకపోతే కాలవలో పోస్తాం.

గోదారి_గడుసు
కాలవలో పోయొద్దు. పొద్దున్నే ఆటో పంపిస్తా.